ఫిన్లాండ్‌లో పదకొండుకే మధ్యాహ్న భోజనమా? ఎస్పో వస్తున్న ఒక కుటుంబానికి జవాబు

మీ ప్రశ్న చదివాను. మీవారికి ఎస్పోలో ఉద్యోగం వచ్చింది, ఆగస్టులో అందరూ వస్తున్నారు, పాప రెండో తరగతిలో చేరుతుంది, బాబుకి నాలుగేళ్లు. ఇంట్లో మాంసం, చేపలు తినరు, పిల్లలకి గుడ్డు మాత్రం పెడతారు. "అక్కడ పదకొండుకే లంచ్, అయిదుకే డిన్నర్ అంటున్నారు, నిజమేనా? బడిలో పిల్లలు ఏం తింటారు? ఎవరైనా ఇంటికి పిలిస్తే ఎలా నడుచుకోవాలి?" అని అడిగారు. నేను మీ పక్కనే, వాంటాలో ఒక డేకేర్‌లో పనిచేస్తున్నాను. నా పిల్లలిద్దరూ ఇక్కడి బళ్లలోనే పెరిగారు. కాబట్టి పిల్లల సంగతి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నిజమే, పదకొండుకే. మామూలు పనిరోజు ఇలా సాగుతుంది: పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య టిఫిను. పదకొండు, పన్నెండు మధ్య వేడి భోజనం, దీన్ని లౌనస్ అంటారు. రెండింటి ప్రాంతంలో పెద్దలకి కాఫీ, పిల్లలకి చిరుతిండి. సాయంత్రం నాలుగున్నర, ఆరు మధ్య రెండో వేడి భోజనం. రాత్రి పడుకోబోయే ముందు, ఏడున్నరకో ఎనిమిదికో, ఇల్తాపాలా అని ఇంకొంచెం ఏదైనా: ఒక బ్రెడ్డు ముక్క, కప్పు పెరుగు, లేదా ఓట్స్ జావ. లెక్కపెడితే అయిదుసార్లు. కానీ పళ్లెం నిండా తినేది రెండుసార్లే.

ఇంత తొందరెందుకంటే చాలామంది చలికాలపు చీకటి వల్ల అనుకుంటారు. అది కాదు. హెల్సింకీలో డిసెంబరులో మధ్యాహ్నం మూడుంబావుకే పొద్దుగుంకుతుంది, జూన్‌లో రాత్రి పదకొండు కావస్తున్నా వెలుగు పోదు. రెండు కాలాల్లోనూ భోజనం వేళ అదే. అసలు కారణం రోజు పెందలాడే మొదలవడం. భవన నిర్మాణం పనులూ ఫ్యాక్టరీలూ ఏడింటికి, బళ్లూ ఆఫీసులూ ఎనిమిదికో తొమ్మిదికో మొదలవుతాయి. ఏడింటికి పనెక్కినవాడికి పదకొండయ్యేసరికి సగం రోజు అయిపోయినట్టే. దీనికితోడు ఇక్కడ భార్యాభర్తలిద్దరూ పూర్తికాలం ఉద్యోగాలు చేయడం ఎప్పటినుంచో మామూలు. మధ్యాహ్నం ఇంట్లో వండిపెట్టే మనిషి లేనప్పుడు ఆ వంట బడికీ పనిచోటికీ వెళ్లిపోయింది. అలా రోజులో ముఖ్యమైన భోజనం ఇంటి బయట తినేదయింది. పదకొండుకి తిన్నవాళ్లు నాలుగింటికి పని ముగించుకుని, బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మళ్లీ కడుపు కాలుతుంటుంది. మనలాగా వచ్చి టీ తాగి, కాసేపు నడుం వాల్చి, ఏడున్నరకి కుక్కరు పెట్టడం ఉండదు. బూట్లు విప్పగానే పొయ్యి దగ్గరికే. అది కూడా ఒకే గిన్నె వంట: మాకరోనీ బేక్, కీమా సాస్‌తో బంగాళాదుంపలు, సాల్మన్ సూప్. ఎందుకంటే ఆరింటికి ఒక పిల్లాణ్ని ఐస్ హాకీకి, ఇంకో పిల్లని ఈతకి దింపాలి.

మన సరుకుల గురించి మీరు బెంగపడుతున్నట్టున్నారు. అది పెద్ద విషయం కాదు. హెల్సింకీలో హకానియెమి దగ్గర మన పప్పులూ పొడులూ అమ్మే దుకాణాలున్నాయి. మనవాళ్లని నిజంగా ఇబ్బంది పెట్టేది వేళలు. అందులోనూ పిల్లలున్న ఇంట్లో.

ముందు మీ బాబు సంగతి. డేకేర్‌లో పొద్దున ఎనిమిది ప్రాంతంలో జావ, బ్రెడ్డు, పండు. పదకొండుకి భోజనం. తర్వాత పన్నెండు నుంచి పడుకోబెట్టి కథ చదువుతాం. రెండింటికి లేచాక చిరుతిండి. మూడు పూటలూ డేకేర్ వాళ్లే పెడతారు. మా దగ్గర ఇంటినుంచి డబ్బా పంపడం కుదరదు, చాలాచోట్ల ఇంతే. పిల్లలతో పాటు మేమూ అదే బల్ల దగ్గర కూర్చుని అదే తింటాం. అది మా పనిలో భాగం, పెద్దవాళ్లని చూసి పిల్లలు నేర్చుకోవాలని. పిల్లలు గరిటె పట్టుకుని తమకి కావలసినంత తామే వడ్డించుకుంటారు. కొత్త కూర అయితే ఒక స్పూను రుచి చూడమంటాం. వద్దంటే వద్దే, బలవంతం లేదు.

ఇక్కడ మన పిల్లల విషయంలో ఒక మాట నిర్మొహమాటంగా చెప్తాను. నాలుగేళ్లొచ్చినా ఫోను చూపిస్తూ, వెనక పరిగెడుతూ, అమ్మమ్మ కథ చెప్తూ ముద్దలు పెట్టే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ప్రేమే, కాదనను. కానీ డేకేర్‌లో నాలుగేళ్ల పిల్లాడి నోట్లో ఎవరూ ముద్ద పెట్టరు. మొదటి రెండు వారాలు వాడు ఏమీ తినకుండా కూర్చుంటాడు, సాయంత్రం మీరు ఏడుస్తారు. టిక్కెట్లు కొన్న రోజునుంచే వాడిచేత స్పూనుతో, ఫోర్కుతో స్వయంగా తినిపించడం మొదలెట్టండి. మెతుకులు కింద పోసుకున్నా ఫర్వాలేదు. ఇంకోటి, ఇక్కడి పిల్లల వంటలో ఉప్పు కావాలనే తక్కువ వేస్తారు, కారం అసలుండదు. వచ్చేలోపు వారానికి రెండు రోజులు ఉడికించిన దుంపలు, వెన్నతో పాస్తా, ఓట్స్ జావ అలవాటు చేయండి.

బడి. ఒకటో తరగతి కంటే ముందుండే ప్రీస్కూలు నుంచి ఇంటర్ స్థాయి దాకా ప్రతి బడిరోజూ వేడి భోజనం ఉచితం. డబ్బున్నవాళ్ల పిల్లలకీ లేనివాళ్ల పిల్లలకీ ఒకటే వరుస, ఒకటే పళ్లెం. ఈ చట్టం ఎప్పుడు చేశారో తెలిస్తే ఆశ్చర్యపోతారు: 1943లో, యుద్ధం నడుస్తుండగా. మున్సిపాలిటీలకి అయిదేళ్లు గడువిచ్చి 1948 నుంచి దేశమంతా అమలు చేశారు. ఇంత పెద్ద ఎత్తున ఉచిత బడి భోజనం పెట్టిన మొదటి దేశం ఇదే. తొలిరోజుల్లో పిల్లలు బ్రెడ్డు, పాలు ఇంటినుంచి తెచ్చుకునేవారట. సెలవుల్లో అడవి బెర్రీలు ఏరి, తోటపని చేసి బడి వంటశాలకి సాయపడేవారట. ఈ సంగతి ఇక్కడి అవ్వలూ తాతలూ ఇప్పటికీ చెప్తారు.

ఇప్పుడు పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం దుంపలో అన్నమో పాస్తానో, ఇంకో పావు మాంసం, చేప లేదా పప్పుదినుసులు, పక్కన రై అనే ధాన్యంతో చేసిన బ్రెడ్డు, గ్లాసు పాలు. భోజనాల హాల్లో గోడమీద ఈ బొమ్మ కనిపిస్తుంది. శాకాహార వంటకం రోజూ ఉంటుంది. చాలా మున్సిపాలిటీల్లో కావలసినవాళ్లు ఎవరైనా అది తీసుకోవచ్చు. పాలకూర కలిపిన చిన్న అట్లు ఉంటాయి, పిల్లలకి ఆ రోజు పండగే, మన పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. వేళ మాత్రం ఒక్కోసారి మరీ ముందు. పదకొండు, పన్నెండు మధ్య పెట్టడం మంచిదని సిఫార్సులున్నా, హాలు చిన్నదై వంతులవారీగా పంపే బళ్లలో మొదటి వంతుకి పదిన్నరకే భోజనం పడుతుంది. దీనిమీద ఫిన్నిష్ తల్లిదండ్రులే గొణుగుతుంటారు.

పాపకి బడి ఒంటిగంటకో రెండింటికో అయిపోతుంది, మీరింకా ఉద్యోగంలోనో భాష క్లాసులోనో ఉంటారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి బడి అయ్యాక సాయంత్రం దాకా ఉండే క్లబ్బులుంటాయి, అక్కడ చిరుతిండి పెడతారు. దానికి ముందే దరఖాస్తు చేయాలి. మీరు ఆగస్టులో దిగుతున్నారు కాబట్టి వచ్చిన రోజే అడగండి. లేకపోతే ఇక్కడి ఎనిమిదేళ్ల పిల్లలు మెడలో తాళంచెవి వేసుకుని ఒంటరిగా ఇంటికి నడిచొచ్చి, ఫ్రిజ్ తెరిచి, బ్రెడ్డుకి వెన్న రాసుకుని తినేస్తారు. మొదట్లో మనకి గుండె ఆగినంత పనవుతుంది. ఏడాది తిరిగేసరికి మీ పాప కూడా అదే చేస్తుంది.

మీవారి సంగతికొస్తాను. రోజుకి ఆరు గంటలకి మించి పనుంటే గంట విరామం ఇవ్వాలని చట్టం. ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని అరగంటకి తగ్గించుకోవచ్చు. ఎక్కువమంది అరగంటే తీసుకుంటారు, ఆ అరగంట ముందే ఇంటికి పోవచ్చని. పదకొండు కొట్టగానే ఎవరో ఒకరు లేచి "లౌనస్?" అంటారు, అందరూ కదులుతారు. ఆ పిలుపుకి "నాకింకా ఆకలి లేదు, ఒంటిగంటకి వెళ్తా" అంటూ కూర్చుంటే ఆఫీసులో పరిచయాలు కలిసే ఒకే ఒక్క వేళ పోగొట్టుకున్నట్టే. పైగా ఒంటిన్నర దాటాక వెళ్తే బఫేలో అడుగు గీకుడే మిగులుతుంది. చాలా లంచ్ రెస్టారెంట్లు పదిన్నరకి తెరిచి రెండింటికల్లా మూసేస్తాయి, అదీ సోమవారం నుంచి శుక్రవారం వరకే. ముందు డబ్బు కట్టి, ట్రే తీసుకుని, సలాడ్, బ్రెడ్డు, వేడి వంటకం, మంచినీళ్లో పాలో, చివర్లో కాఫీ, అన్నీ కలిపి ఇప్పుడు సుమారు 12, 14 యూరోలు. ఎడెన్‌రెడ్, ఎపస్సి లాంటి భోజన కార్డులు చాలా కంపెనీలు ఇస్తాయి, మొదటి రోజే అడగమనండి. ఎవరి బిల్లు వాళ్లదే. "నేనిస్తా, నేనిస్తా" అనే పోట్లాట ఇక్కడ చేస్తే ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారు. తిన్నాక ట్రే ఎవరిది వాళ్లే తీసుకెళ్లి పెట్టాలి.

మెనూ పక్కన అక్షరాలుంటాయి, నేర్చుకోండి. ఎల్ ఉంటే లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) లేదు, వీఎల్ ఉంటే లాక్టోజ్ తక్కువ, జీ ఉంటే గ్లూటెన్ (గోధుమల్లాంటి ధాన్యాల్లో ఉండే జిగురు పదార్థం) లేదు. ఎం అని ఉంటే మనవాళ్లు మిల్క్ ఉందనుకుంటారు, నిజానికి పాలు లేవని అర్థం. శాకాహారానికి ఒక్కోచోట ఒక్కో గుర్తు వాడతారు, కాబట్టి అడుగున ఇచ్చిన వివరణ చూడాలి. గురువారం మాత్రం జాగ్రత్త. ఆ రోజు దేశమంతటా బఠాణీ సూపు, ఓవెన్లో కాల్చిన తియ్యటి అట్టు. శుక్రవారం ఉపవాసానికి ముందురోజు కడుపునిండా తినాలని క్యాథలిక్ కాలంలో మొదలైందంటారు. ఆ మతం పోయి అయిదొందల ఏళ్లవుతున్నా అలవాటు పోలేదు, సైన్యంలో కూడా గురువారం అదే. చూడటానికి పచ్చగా పప్పులా ఉంటుంది, వాసన కూడా ఆశ పెడుతుంది, కానీ అందులో పంది మాంసం వేయడం ఆనవాయితీ. శాకాహార గిన్నె విడిగా పెడితే దానికి రాసి ఉంటుంది.

డబ్బా తీసుకెళ్లడంలో నామోషీ ఏమీ లేదు, ఫిన్నిష్ వాళ్లే సగంమంది రాత్రి మిగిలింది తెచ్చుకుని మైక్రోవేవ్‌లో పెట్టుకుంటారు. సాంబారు వాసనకి ఎవరూ మొహం చిట్లించరు. హెల్సింకీ ప్రాంతంలో నేపాలీ రెస్టారెంట్లు వీధికొకటి ఉన్నాయి, మధ్యాహ్నం అన్నం, నాన్, పనీర్ కూర లంచ్ ధరకే దొరుకుతాయి. మన ఆఫీసువాళ్లకి అవే దిక్కు. నాకైతే ఆ కూరలన్నీ ఒకే రుచిలో ఉన్నట్టనిపిస్తాయి, అది వేరే సంగతి.

కాఫీ గురించి రాయకపోతే ఈ దేశం తిండి గురించి ఏమీ రాయనట్టే. ఏడాదికి మనిషికి సుమారు 10 కిలోల కాఫీ పొడి ఖర్చవుతుంది ఇక్కడ, ప్రపంచంలోనే ముందు వరుస. లేతగా వేయించిన గింజ, ఫిల్టర్ పేపరులో దించిన నల్ల కాఫీ, కావాలంటే కాసిని చన్నీళ్లలాంటి పాలు. మన డికాషన్ అలవాటున్న నాలుకకి మొదట పలచగా, పుల్లగా తగులుతుంది. యుద్ధకాలంలో కాఫీకి రేషను పెట్టారు, అది 1954 దాకా సాగింది. చికోరీ, బార్లీ వేయించిన పొడులు తాగి బతికిన తరం, అసలు కాఫీ దొరికాక దాన్ని వదల్లేదు. పొద్దున తొమ్మిదికోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి ఆఫీసుల్లో కాఫీ విరామం. చాలా రంగాల్లో కార్మిక సంఘాల ఒప్పందాల్లోనే ఇది రాసి ఉంటుంది. మౌనంగా ఉండే జనం అని పేరుపడినవాళ్లు నోరు విప్పేది అప్పుడే, సెలవుల్లో ఊరి ఇంటి సంగతులు, వాతావరణం, సౌనా (ఇంట్లో ఉండే ఆవిరిస్నానం గది) పొయ్యి బాగుచేయించిన కథ. పుట్టినరోజైతే ఆ పుట్టినరోజువాళ్లే కేకో, యాలకుల వాసనొచ్చే పుల్లా బన్నో తెచ్చి కాఫీ గదిలో పెడతారు. మీవారి వంతు వచ్చినప్పుడు మైసూర్‌పాక్ పెడితే పదినిమిషాల్లో ఖాళీ అవుతుంది, నేను చూశాను. చివరి ముక్క మాత్రం ఎవరూ తీయరు, దాన్ని సగం, ఆ సగంలో సగం కోసుకుంటూ పోతారు.

ఎవరింటికైనా పిలిస్తే? "కాఫీకి రండి" అంటే కాఫీకే. రెండింటికి అంటే రెండింటికే, అయిదు నిమిషాలు ముందు వెళ్లి తలుపు కొట్టినా ఇబ్బందే. గుమ్మంలో బూట్లు విప్పాలి. కాఫీతో పాటు బన్ను, బిస్కెట్లు, ఒక కేకు బల్లమీద పెడతారు. పాతకాలంలో అతిథికి ఏడు రకాల పిండివంటలు పెట్టడం గొప్ప. కప్పు ఖాళీ అయితే ఇంకో కప్పు పోయనా అని ఒకసారి అడుగుతారు. ఒకసారే. మనలాగా మూడుసార్లు వద్దనడం, నాలుగోసారి వడ్డించుకోవడం ఇక్కడ నడవదు. మీరు మర్యాదకి వద్దంటే నిజంగా వద్దనుకుంటారు, ఆకలితో ఇంటికొస్తారు. వాళ్లు మనింటికొచ్చినప్పుడు ఇదే తిరగబడుతుంది. "అయ్యో, ఏమీ తినలేదు, ఇంకో గరిటె" అని మీరు వడ్డిస్తుంటే, పళ్లెంలో వదలకూడదని పెరిగిన మనుషులు కాబట్టి నోరు మూసుకుని అంతా తింటారు, తినలేక చెమటలు పడతాయి. గిన్నెలు బల్లమీద పెట్టి వాళ్లనే వడ్డించుకోనివ్వండి. మీరు కూడా కూర్చుని తినండి. ఇంటావిడ నిలబడి వడ్డిస్తుంటే వాళ్లకి ముద్ద దిగదు. భోజనానికి పిలిస్తే శనివారం సాయంత్రం అయిదు అని చెప్పండి, భోజనం అని కూడా స్పష్టంగా చెప్పండి. ఎనిమిదన్నరకి బిర్యానీకి పిలిస్తే తినేసి వస్తారు, పిల్లలున్నవాళ్లయితే అసలు రారు. వెళ్లేటప్పుడు వండినవాళ్లకి "కీతోస్" అని చెప్పడం మరవకండి. వాళ్లు మీకూ అదే చెప్తారు, అంతకుమించిన పొగడ్తలు ఆశించకండి.

బ్రెడ్డు గురించి కొంచెం. 2017లో స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండినప్పుడు జాతీయ ఆహారమేదో ఓటు పెడితే రై బ్రెడ్డు గెలిచింది. పడమటి ప్రాంతాల్లో ఏడాదికి కొన్నిసార్లే పొయ్యి వెలిగించి, నడిమిన చిల్లున్న రొట్టెలు చేసి, కర్రకి గుచ్చి చూరుకింద ఆరబెట్టుకునేవారు. తూర్పున కరేలియా వైపు ప్రతివారం ఓవెను వేడెక్కేది, అందుకే మెత్తటి రొట్టె, పిండి రేకులో పాల అన్నం పెట్టి కాల్చే కరేలియన్ పీరక్కా ఆ వైపు నుంచి వచ్చాయి. ఈ పీరక్కా మీకు పనికొస్తుంది: మాంసం లేదు, పిల్లలు తింటారు, ప్రతి దుకాణంలో దొరుకుతుంది.

పండగల తిళ్లు మీరు వచ్చాక చూద్దురుగాని. శనివారం సౌనా, తర్వాత సాసేజ్. పిల్లలకి వారానికి ఒక్క శనివారమే మిఠాయిలు కొనిపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి, ఇది మాత్రం నేను మా ఇంట్లో ఆనందంగా దొంగిలించాను. మిఠాయిల్లో, కొన్ని పెరుగు డెసర్ట్‌లలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ మీద లీవాతే అని రాసి ఉంటే అదే.

ఇక వేళల విషయంలో నా సలహా. మీ పిల్లలు మధ్యాహ్నం రెండింటికి తిన్నదే ఆఖరు. మీరు ఎనిమిదన్నరకి అన్నం పెడితే అప్పటిదాకా బిస్కెట్లతో కడుపు నింపుకుని, సగం ముద్దలు తిని, పదికి పడుకుని, పొద్దున ఆరున్నరకి లేవలేక ఏడుస్తారు. డేకేర్‌లో అలాంటి పిల్లలు ఇట్టే తెలిసిపోతారు. కాబట్టి పప్పు, కూర, అన్నం సాయంత్రం అయిదున్నరకే పెట్టేయండి. దానికి ముందురోజు రాత్రే వండి ఉంచుకోవాలి, వేరే దారి లేదు. ఏడున్నరకి ఇల్తాపాలాగా చిన్న గిన్నెలో పెరుగన్నం. ఎనిమిదిన్నరకి దీపాలార్పేయొచ్చు. పెద్దవాళ్లు కావాలంటే తర్వాత తినండి, కానీ నెల తిరిగేసరికి మీకూ అయిదింటికే ఆకలేస్తుంది.

పెరుగు తోడుపెట్టడానికి ఎర్ర డబ్బా పాలు కొనండి, అవి వెన్న తీయనివి. ఓపిక లేని రోజు 10 శాతం కొవ్వున్న టర్కిష్ పెరుగు సరిపోతుంది. పీమా అని పులిసిన పాలు డబ్బాలో దొరుకుతాయి, నీళ్లు, ఉప్పు కలిపితే మజ్జిగే, మజ్జిగ పులుసుకి కూడా బాగుంటుంది. ఉప్మా రవ్వకి మన్నా అనే గోధుమ రవ్వ వాడండి. వాళ్లు దాంతో పాలలో జావ కాస్తారు.

ఒక్క పని ఇప్పుడే చేయండి. బళ్లు ఆగస్టు రెండో వారం ప్రాంతంలో తెరుస్తారు. సీటు ఖరారై ఉత్తరం రాగానే పిల్లలిద్దరి ఆహారం ఫారాలు అడిగి నింపి పంపండి. "శాకాహారం" అని ఒక్క ముక్క రాసి వదలొద్దు. మాంసం వద్దు, చేప వద్దు, జెలటిన్ వద్దు, గుడ్డు, పాలు ఫర్వాలేదు అని విడివిడిగా రాయండి. చేప తింటూ శాకాహారులమనుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి వంటశాలవాళ్లు చేప పెట్టేసే అవకాశం ఉంది. ఎలర్జీ ఏదైనా ఉంటే డాక్టరు కాగితం అడుగుతారు, అక్కడినుంచే ఇంగ్లీషులో రాయించుకుని తెచ్చుకోండి.